శాన్ ఆంటోనియోలో పారుతున్న పాత కాలువ

శ్రోతలకు నమస్కారం. డల్లాస్‌లోనో ఆస్టిన్‌లోనో పిల్లలుండి, వేసవిలో అటు వెళ్లొచ్చే తల్లిదండ్రులు ఇప్పుడు మనలో చాలామందే ఉన్నారు. వాళ్లను పిల్లలు తిప్పి చూపించే ఊళ్లలో, అదే టెక్సస్ రాష్ట్రంలోని శాన్ ఆంటోనియో ఒకటి. ఆస్టిన్ నుంచి కారులో సుమారు గంటన్నర. పొద్దున బయల్దేరి అలమో చూస్తారు, ఊరి మధ్య నది ఒడ్డున ఉన్న రివర్ వాక్‌లో పడవెక్కుతారు, రాత్రికి ఇల్లు చేరతారు. ఊరు చూడటం అయిపోయిందనుకుంటారు.

నన్నడిగితే అసలుది చూడకుండానే వచ్చేశారంటాను.

అలమోను తక్కువ చేయడం లేదు. 1836లో మెక్సికో సైన్యం 13 రోజులు ముట్టడించిన చోటది. మెక్సికో మీద తిరగబడి లోపలున్న దాదాపు 200 మంది పోరాడుతూ చనిపోయారు. కానీ అంతకు వందేళ్ల ముందు అది కోట కాదు, స్పెయిన్ సన్యాసులు నడిపిన మిషన్, అంటే స్థానిక తెగలవాళ్లను క్రైస్తవంలోకి తెచ్చి అక్కడే ఉంచి సాగు చేయించిన చోటు. అలాంటివి నది వెంబడే ఇంకో నాలుగున్నాయి. కన్సెప్సియోన్, శాన్ హోసె, శాన్ హువాన్, ఎస్పాడా. ఐదింటినీ 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మనవాళ్లు మొదటిదాని దగ్గరే ఆగిపోతారు. నేను చెప్పాలనుకున్నది చివరిదాని గురించి, ఎస్పాడా గురించి.

అక్కడ వానను నమ్ముకుని సాగు చేయడం కష్టం. నది దగ్గర్లోనే ఉంది, కానీ పొలాలు నది కంటే ఎత్తులో ఉన్నాయి. మోటారు లేదు, పంపు లేదు. ఏం చేశారు? ఎగువన నదికి చిన్న ఆనకట్ట కట్టి నీటిమట్టం పెంచారు. అక్కడి నుంచి మెరక మీదుగా, కొద్దిపాటి వాలుతో కాలువ తవ్వుకుంటూ వచ్చారు. వాలు ఎక్కువైతే గట్లు కోసుకుపోతాయి, తక్కువైతే నీళ్లు కదలవు. ఇంతలో ఒక వాగు అడ్డొచ్చింది. కాలువను వాగులో కలిపితే నీళ్లన్నీ మళ్లీ నదిపాలే. అందుకని వాగు మీద రెండు కమానులతో రాతి వంతెన కట్టారు. మనుషులు నడవడానికి కాదు, నీళ్లు నడవడానికి. కింద వాగు, పైన కాలువ.

కోనసీమ శ్రోతలకు ఈపాటికి పి.గన్నవరం అక్విడక్టు గుర్తొచ్చే ఉంటుంది. గోదావరి పాయ మీదుగా కాటన్ దొర కాలంలో కాలువను దాటించింది కూడా ఈ పద్ధతిలోనే. దానిముందు ఎస్పాడాది చాలా చిన్నది. వయసులో మాత్రం వందేళ్లు పెద్దది, 1740ల్లో కట్టారు.

ఈ విద్యను స్పెయిన్ వాళ్లు చాలావరకు అరబ్బుల దగ్గర నేర్చుకున్నారు. మట్టి తవ్విందీ, రాళ్లు మోసిందీ మాత్రం కోవాహిల్టెకన్ తెగలవాళ్లు. వేటాడి, కాయలూ దుంపలూ ఏరుకుని బతికిన జనం. తెల్లవాళ్లతో వచ్చిన జబ్బులకూ, అపాచీ అనే మరో తెగ దాడులకూ తట్టుకోలేక చాలామంది మిషన్లలో చేరారు. జబ్బులు అక్కడా వదల్లేదు. ఆ సంగతి తెలిసి చూస్తే ఆ రాళ్లు వేరేగా కనిపిస్తాయి.

ఆ కాలువ ఇప్పటికీ పారుతోంది. ఇన్నేళ్ల తర్వాతా ఎస్పాడా చుట్టుపక్కలవాళ్లు ఆ నీళ్లు వాడుకుంటూనే ఉన్నారు. శాన్ హోసెలో సుమారు 1794 నాటి పిండిమర ఉంది, అదీ కాలువ నీళ్లతో తిరిగేదే. మోటారు లేదు, పంపు లేదు.

ఇక వెళ్లేవాళ్లకు ఒక్క మాట. వరస తిరగేయండి. పొద్దున్నే దక్షిణం కొస నుంచి, ఎస్పాడాతో మొదలుపెట్టి ఊళ్లోకి రండి. ఎండ మనకు కొత్తా అంటారు, నిజమే. కానీ జూలైలో అక్కడ 35 డిగ్రీలు మామూలు సంగతి, మిషన్ల ఆవరణల్లో నీడ తక్కువ. మధ్యాహ్నానికి అలమో చేరితే లోపల చల్లగా ఉంటుంది, రివర్ వాక్ ఎలాగూ సాయంత్రానికే బాగుంటుంది. ఈ నాలుగు మిషన్లకూ టికెట్ లేదు. వాటిలో చర్చిలు ఇప్పటికీ నడుస్తున్నాయి కాబట్టి, ఆదివారం ప్రార్థన సాగుతుంటే ఫొటోలు ఆపి కాసేపు బయట ఉండండి.

ఇంకోటి, అక్విడక్టు మిషన్ ఆవరణలో ఉండదు. దానికి కాస్త ఉత్తరంగా, రోడ్డు పక్కన ఉంటుంది. అబ్బాయి ఫోన్‌లో ఎస్పాడా మిషన్ అని కొడితే నేరుగా చర్చి దగ్గరకే తీసుకెళ్తుంది. ఎస్పాడా అక్విడక్టు అని విడిగా కొట్టమనండి. సెలవు.