కీరా కట్టుకున్న లోకం

అందరికీ నమస్కారం. ఈ నెల మన పుస్తకాల ముచ్చటకి నేను తెచ్చిన నవల ‘స్లే’. బ్రిట్నీ మోరిస్ రాసింది, 2019లో వచ్చింది. టీనేజీ పిల్లల కోసం రాసిన పుస్తకం. పదో క్లాసు చదివే మా అమ్మాయి చదివేసి, "అమ్మా, నువ్వూ చదువు" అని నా చేతిలో పెట్టింది.

కథానాయిక కీరా జాన్సన్‌కి 17 ఏళ్ళు. ఆమె చదివే బడిలో నల్లపిల్లల్ని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. జాతి మాట వస్తే చాలు, నల్లవాళ్ళందరి తరఫునా తనే జవాబు చెప్పాలి. రాత్రయితే తలుపేసుకుని ‘ఎమరాల్డ్’ అయిపోతుంది. నల్లవాళ్ళ కోసం తనే తయారుచేసిన ఆన్‌లైన్ ఆట ‘స్లే’ని నడుపుతుంటుంది. తెలిసినవాళ్ళు పాస్‌కోడ్ ఇస్తే తప్ప అందులోకి వెళ్ళలేం. లక్షలమంది ఆడుతుంటారు. పోటీ అంతా కార్డులతో. ఒక్కో కార్డూ వాళ్ళ బతుకులోంచి తీసిందే: జుట్టు, వంటలు, కళాకారులు. ఈ సంగతి ఇంట్లో అమ్మానాన్నలకీ తెలీదు, బాయ్‌ఫ్రెండ్ మాల్కంకీ తెలీదు.

ఆ ఆటలో మొదలైన గొడవ బయటికి పాకి, అమెరికాలోని కాన్సస్ సిటీలో ఒక కుర్రాడి ప్రాణం తీస్తుంది. టీవీలు ఆట మీద పడతాయి. తెల్లవాళ్ళని రానివ్వకపోవడం వివక్ష కాదా అని నిలదీస్తాయి.

నిజం చెప్పాలి, అక్కడిదాకా వచ్చేసరికి నాకూ అదే అనుమానం. మా అమ్మాయిని అడిగేశాను. "మరి మీరంతా నెలనెలా తెలుగువాళ్ళే ఎందుకు కూర్చుంటారమ్మా?" అంది. నా దగ్గర మాట లేదు. ఇక్కడికొస్తే పేరు రెండుసార్లు పలికి చెప్పక్కర్లేదు, డబ్బాలో తెచ్చిన గోంగూర గురించి ఎవరికీ వివరించక్కర్లేదు. కీరాకి కావలసిందీ ఆ తెరిపే.

ఆ రాత్రి మా అమ్మాయి తను ఆడే ఆట తెరిచి చూపించింది. బొమ్మకి ఒంటిరంగు ఎంచుకోవాలి. తెలుపులో ఛాయలు బోలెడు. చివర్న రెండే గోధుమరంగులు, ఆ పైన ఇంకేం లేవు. తన చెయ్యి స్క్రీన్ పక్కన పెట్టి, "ఇదెక్కడుందో వెతుకు" అంది. వెతికాను, లేదు.

అసలు వీడియో గేముల పుట్టుకలోనే ఒక నల్ల ఇంజనీరు ఉన్నాడు, జెర్రీ లాసన్. 1976లో వచ్చిన ఫెయిర్‌చైల్డ్ ఛానల్ ఎఫ్ అనే వీడియో గేమ్ మెషీన్ వెనక ఉన్న మనిషి. కార్ట్రిడ్జి తీసి ఇంకోటి పెడితే కొత్త ఆట వచ్చే మొదటి కన్సోల్ అది. చిన్నప్పుడు బళ్ళో తన బల్ల పక్కన నల్లజాతి శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్ ఫొటో ఉండేదని, నువ్వూ ఇలా కావచ్చని టీచరు చెప్పిందని ఆయన ఒక ఇంటర్వ్యూలో గుర్తు చేసుకున్నాడు. 2011లో పోయాడు. ఇక్కడ ఇంతమంది సాఫ్ట్‌వేర్ వాళ్ళం ఉన్నాం, ఆ పేరు విన్నవాళ్ళు చేతులెత్తండి. నేనూ మొన్నటిదాకా వినలేదు.

ఇక మాల్కం. నల్ల కుర్రాళ్ళని ఆటలు పాడుచేస్తున్నాయని అతని నమ్మకం. అతని మాటల్లో చాలాచోట్ల నాకు నా గొంతే వినిపించింది, ముఖ్యంగా పరీక్షల ముందు రోజుల్లో. చివరికి ఏం చేస్తాడో చెప్పను. పుస్తకం ఆ బల్ల మీద ఉంది. మా అమ్మాయి పెన్సిల్‌తో గీసిన గీతలు అలాగే ఉన్నాయి, చెరపొద్దని చెప్పి పంపింది.