షుగర్ వచ్చిందని మానసిక జబ్బు మాత్రలు ఆపేస్తున్నారా?

నమస్తే అండీ. మొన్న కర్నూలులో ఒకావిడ కలిసి, "మా తమ్మునికి షుగర్ వచ్చిందన్నా, ఆ మాత్రల వల్లే అని ఎవరో చెప్తే అన్నీ ఆపేసినాం" అంది. మూడు వారాలకే అతనికి నిద్ర కరువైంది, చెవిలో గొంతులు మళ్లీ మొదలైనాయి. ఇంకొన్ని ఇళ్లలో ఏమో "మాత్రలు ఏం చేస్తాయి, వాని తిండే అంత" అని తిడతారు. ఈ రెండు మాటలూ విని విని నాకు ఓపిక పోయింది.

ఆ మాత్రలకూ షుగర్‌కూ సంబంధం ఉంది. మానసిక జబ్బులకు వాడే కొత్త తరం మందులన్నిటి మీదా షుగర్ హెచ్చరిక రాయాలని 2003లోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కంపెనీలను అడిగింది.

ఎలాగో మన కేసీ (కర్నూలు-కడప) కాలువతో చెప్తా. కాలువ రక్తం, నీళ్లు చక్కెర, పొలాలు మన కండరాలు, తూములెత్తి నీళ్లు మళ్లించే లస్కర్ ఇన్సులిన్. ఒలాంజపిన్, క్లోజపిన్ లాంటి మందులు మెదడులో హిస్టమిన్, సెరటోనిన్ రిసెప్టర్లను, అంటే ఆ రసాయనాల కబురు అందుకునే చోట్లను, అడ్డుకుంటాయి, దాంతో ఆకలి ఆగదు, ఆ కాలువకు నీళ్లొదిలే సుంకేసుల బ్యారేజీలో గేట్లు ఎత్తేసినట్టే. రెండు సంగటి ముద్దలు తిన్న గంటకే మళ్లీ ఆకలి అంటున్నాడంటే అది మందు పని, దయచేసి తిండిపోతు అనకండి, ఆ మాట చాలా గుచ్చుకుంటుంది. బరువు పెరిగి పొట్టలో కొవ్వు చేరితే తూములు తుప్పు పట్టినట్టు, లస్కర్ ఎంత లాగినా సగమే లేస్తాయి. ఇక మూడోది నన్ను బాగా ఆశ్చర్యపరిచింది. ఇన్సులిన్ వదలమని క్లోమానికి వచ్చే కబుర్లలో ఒకటి ఎం3 అనే రిసెప్టర్ ద్వారా అందుతుంది, ఈ రెండు మందులూ దాన్ని కూడా మూసేస్తాయి. కబురే రాకపోతే లస్కర్ బయల్దేరడు కదా! బహుశా అందుకే బరువు పెద్దగా పెరగనివాళ్లకూ కొందరికి షుగర్ వస్తుంది.

అట్లాగని అన్ని మందులూ ఒకటి కాదు. క్లోజపిన్, ఒలాంజపిన్‌తో ముప్పు ఎక్కువ, క్వెటియాపిన్, రిస్పెరిడోన్ మధ్యలో, అరిపిప్రజోల్‌తో తక్కువ. కానీ వేరే మందులేవీ పనిచేయనివాళ్లకు కూడా క్లోజపిన్ పనిచేయొచ్చు, కాబట్టి మార్చాలా వద్దా అనేది డాక్టరే చూడాలి.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్తా. మందు మొదలుపెట్టే ముందే బరువు, నడుము కొలత, పరగడుపు షుగర్ చూపించండి. తర్వాత బరువు 4, 8, 12 వారాలకు, షుగర్ 12 వారాలకు, ఆపైన కనీసం ఏడాదికోసారి. పరగడుపున 126 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే వెంటనే మళ్లీ పరీక్ష చేయించాలి. షుగర్ వచ్చినా మానసిక మందుతో పాటే మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఇస్తారు, రెండూ కలిపి వాడొచ్చు. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, పైగా వాంతులు, మత్తు కనిపిస్తే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.

ఈసారి చూపించుకోవడానికి పోయినప్పుడు పాత చీటీలన్నీ తీసుకుపోయి, పరగడుపు షుగర్ చివరిసారి ఎప్పుడు చూశారని అడగండి.