మానిటర్ తన దగ్గర లేని రంగుల్ని ఎలా చూపిస్తుంది?

నమస్కారం అండీ. ముందు ఈ ఫోటో చూడండి. ఆర్కే బీచ్‌లో సూర్యుడు వచ్చే ముందు తీశాను. నీళ్ల మీద ఎరుపు, దానిపైన నారింజ, ఇంకా పైకి లేత నీలం. ఫోన్‌లో నున్నగా ఉంది. ఇంటికొచ్చి పాత మానిటర్లో తెరిస్తే ఆకాశమంతా చారలే! కెమెరా పోయిందేమోనని టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే లోపం మానిటర్ ప్యానెల్‌లో, అంటే బొమ్మ చూపించే తెరలో ఉంది.

ప్రతి పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఉంటాయి కదా. ఈ ఫోటో ఒక్కో రంగును 8 బిట్లలో, అంటే 256 మెట్లలో అడుగుతుంది. చవక ప్యానెళ్లలో చాలావాటికి ఉన్నవి 6 బిట్లే, అంటే 64 మెట్లు. మూడు రంగులూ కలిపితే 2,62,144 రంగులు. మరి స్పెసిఫికేషన్లలో 1.62 కోట్లు అని రాస్తారేంటి?

అక్కడే ఉంది కిటుకు. పేరు ఫ్రేమ్ రేట్ కంట్రోల్, పొట్టిగా ఎఫ్ఆర్‌సీ. ఆ 256 మెట్లలో మనకు 101వది కావాలి అనుకోండి. ప్యానెల్ దగ్గర 100 ఉంది, ఆ తర్వాత ఏకంగా 104. అందుకని మూడు ఫ్రేములు, అంటే తెర మీద వెంటవెంటనే మారే బొమ్మలు, 100 చూపించి, నాలుగోది 104 చూపిస్తుంది. సగటు 101. రెండూ రెండూ అయితే 102. 60 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 60 ఫ్రేములు మారే తెరలో, నాలుగు ఫ్రేములంటే సెకనులో పదిహేనో వంతు. ఆ తేడాను కన్ను కలిపేసుకుంటుంది.

కానీ పిక్సెళ్లన్నీ ఒకేసారి 104కి ఎగిరితే తెర మినుకుమంటుంది. అందుకే పక్కపక్క పిక్సెళ్లకు వంతులు మారుస్తారు. వాకిట్లో ఎరుపు, తెలుపు ముగ్గు చుక్కలు దగ్గర దగ్గరగా పెట్టి మేడ మీంచి చూడండి, గులాబీలా కనిపిస్తుంది. దాదాపు అదే పని.

ఇప్పుడు ఆ 1.62 కోట్ల లెక్క. నాకు భలే నచ్చింది ఇది. 64 మెట్ల మధ్య 63 ఖాళీలు. ఒక్కో ఖాళీలో మూడు దొంగ మెట్లు. 64కి 189 కలిపితే 253. చివరి మెట్టుకు పైన ఇంకేం లేదు కాబట్టి 256 రాదు. మూడు రంగులకూ కలిపి 253 × 253 × 253 చేస్తే 1.62 కోట్లు. అసలు 8 బిట్ అయితే 1.67 కోట్లు. కొనేటప్పుడు 1.62 కోట్లు అని కనిపిస్తే ప్యానెల్ గుట్టు తెలిసిపోయినట్టే. 1.67 అని రాసినంత మాత్రాన అసలు 8 బిట్ అని మాత్రం అనుకోకండి.

107 కోట్ల రంగులంటూ అమ్మే 10 బిట్ మానిటర్లలోనూ చాలావి 8 బిట్ ప్లస్ ఎఫ్ఆర్‌సీయే. దానికి మొహం చిట్లించక్కర్లేదు. అక్కడ మెట్లు ముందే చిన్నవి, తేడా పట్టుకోవడం కష్టం.

విండోస్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో కనిపించే బిట్ డెప్త్‌ని నమ్ముకోకండి. అది కంప్యూటర్ పంపే సిగ్నల్‌ది, ప్యానెల్‌ది కాదు. పరీక్షకు ఈ వీడియో కూడా పనికిరాదు, వీడియో సైజు తగ్గించే కంప్రెషన్‌కే చారలు వచ్చేస్తాయి. ఏదైనా ఫోటో ఎడిటర్‌లో నలుపు నుంచి బూడిద రంగుకు మీరే ఒక గ్రేడియంట్ గీసి, గదిలో లైటు ఆపి దగ్గరగా చూడండి. ముదురు భాగంలో చీమలు పాకుతున్నట్టు సన్నగా కదిలితే, అదే ఎఫ్ఆర్‌సీ.