కొత్త మదర్‌బోర్డుకి పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్: షాపు కౌంటర్ మీద రెండు వారాల రివ్యూ

నమస్తే అందరికీ. ముందే చెప్తున్నా, ఈ హెచ్610 చిప్‌సెట్ మదర్‌బోర్డు నాకు ఫ్రీగా వచ్చింది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో ఒక డీలర్ రివ్యూ చెయ్యమని ఇచ్చారు. మోడల్ పేరు స్క్రీన్ మీద ఉంది, స్పెక్స్ మీరు చూసే ఉంటారు. ఎల్‌జీఏ 1700 సాకెట్, రెండు ర్యామ్ స్లాట్లు, 12 నుంచి 14వ జనరేషన్ దాకా ప్రాసెసర్లు. అంతే, ముందుకెళ్దాం.

ఇదిగో, ఇక్కడ చూడండి. బోర్డు కింది అంచున రెండు వరసల పిన్నులు. ఒక వరసలో 13, ఇంకోదాంట్లో 12. కేబుల్ తిరగేసి పెట్టకుండా ఒక పిన్ను కావాలనే వదిలేశారు. పక్కన సన్నటి అక్షరాల్లో ఎల్‌పీటీ అని ఉంది, అంటే పాత ప్రింటర్లు తగిలించే ప్యారలల్ పోర్టు. నాకు ఈ బోర్డు నచ్చింది దీనికోసమే.

రాణిగంజ్‌లో మా నాన్నకు హార్డ్‌వేర్ షాపు ఉంది. బిల్లు మూడు కాపీలు కావాలి. డాట్ మ్యాట్రిక్స్‌లో సూదులు కాగితాన్ని కొడతాయి కాబట్టే కింది కాపీల మీద అచ్చు పడుతుంది. లేజర్‌తో అది కాదు. పోయినసారి ఎల్‌పీటీ లేని బోర్డు కొన్నా, యూఎస్‌బీ కేబుల్ ఉంది కదా అని. టెస్ట్ పేజీ వచ్చింది, బిల్లు రాలేదు. ఆ కేబుల్ ప్రింటర్‌ని యూఎస్‌బీ001 అని చూపిస్తుంది, మా బిల్లింగ్ సాఫ్ట్‌వేరేమో నేరుగా ఎల్‌పీటీ1కే పంపుతుంది. ప్రింటర్ షేర్ చేసి, నెట్ యూజ్ కమాండ్‌తో కలిపితే నడిచింది. కానీ నాలుగు రోజులకోసారి తెగిపోయేది. కౌంటర్ దగ్గర గిరాకీ నిలబడి ఉండగా నాన్న ఫోన్ చేసేవారు.

ఈ కొత్త బోర్డులో మాత్రం బయాస్ సెట్టింగ్స్‌లో ప్యారలల్ పోర్ట్ ఆన్ చేసి, అడ్రస్ 378 పెట్టా. మొదటి బిల్లే గర్రుమంటూ వచ్చింది. నాన్న మూడో కాపీ చింపి, ట్యూబ్‌లైట్ కింద పెట్టి అంకెలు చదువుకున్నారు.

ఒక్క విషయంలో మాత్రం చాలా కోపంగా ఉంది. పిన్నులు ఇస్తారు, వెనక బిగించే బ్రాకెట్ కేబుల్ ఇవ్వరు! కామ్ పోర్టుకైతే, అంటే తూకం మిషన్ లాంటివి తగిలించే పాత సీరియల్ పోర్టుకి, ఇంకో చిక్కు. ఆ కేబుళ్లు రెండు రకాల వైరింగ్‌తో దొరుకుతాయి, చూడ్డానికి రెండూ ఒకటే. తప్పుది పెడితే తూకం మిషన్ నుంచి ఒక్క అంకె రాదు. నాకు ఒక సాయంత్రమంతా పోయింది. మాన్యువల్‌లో పిన్నుల బొమ్మ ఫోటో తీసుకెళ్లి, షాపులో మల్టీమీటర్‌తో చూపించుకున్నాకే డబ్బులివ్వండి.

వెనక సగం ఊదా, సగం పచ్చ పీఎస్/2 పోర్టు ఉంది. నాన్న టీవీఎస్ గోల్డ్ కీబోర్డు అందులోనే. అక్షరాలు అరిగిపోయినా టకటకా కొడతారు. సిస్టమ్ ఆన్‌లో ఉండగా మాత్రం ఆ పిన్ను పీకకండి.

పాత పీసీఐ స్లాట్‌లో పెట్టే కార్డులున్నవాళ్లకి ఇది పనికిరాదు. ఇంటెల్ 2013లో 8 సిరీస్‌తోనే చిప్‌సెట్ నుంచి పీసీఐని పూర్తిగా తీసేసింది, పీసీఐ కోసం విడిగా బ్రిడ్జ్ చిప్ పెట్టిన బోర్డు వెతుక్కోవాలి. ప్రాసెసర్‌కి కరెంటు అందించే వీఆర్‌ఎం మీద వేడి లాగే హీట్‌సింక్ కూడా లేదు, ఎక్కువ కరెంటు తాగే ఐ9 ప్రాసెసర్ జోలికి పోవద్దు. బిల్లింగ్ కౌంటర్లు, డీటీపీ షాపులవాళ్లు మాత్రం కళ్లు మూసుకుని తీసుకోండి. మా గోడౌన్ కంప్యూటర్‌కి ఇదే బోర్డు ఇంకోటి చెప్పేశా, ఈసారి డబ్బులు పెట్టి.