నడుములో సూది, కంటి ముందు దారి

శ్రోతలందరికీ నమస్కారం.

నడుము నొప్పని వచ్చే ఆడవాళ్ళని "ఎప్పటి నుంచి ఉందమ్మా?" అని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒకటే. "చిన్నోడు పుట్టినప్పుడు ఆపరేషన్‌కి నడుములో సూది వేశారు సార్, అప్పట్నుంచీ ఇంతే." ఆ చిన్నోడు ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతుంటాడు. నేను మత్తు డాక్టర్‌ని కాబట్టి ఆ నింద నేరుగా వచ్చి నాకే తగులుతుంది. సూది దిగిన చోట కొన్ని రోజులు నొప్పి ఉండటం నిజమే. కానీ కాన్పప్పుడు నడుములో మత్తు తీసుకున్నవాళ్ళనీ, తీసుకోనివాళ్ళనీ పోల్చి చూసిన పరిశోధనల్లో, ఏళ్ళ తరబడి వేధించే నడుము నొప్పి ఇద్దరికీ ఇంచుమించు ఒకేలా ఉందని తేలింది. నెలల తరబడి బిడ్డని చంకనెత్తుకోవడం, వంగి నీళ్ళు పోయడం, సాగిన పొట్ట కండరాలు మళ్ళీ బిగుసుకోకపోవడం, కంటి నిండా నిద్ర లేకపోవడం, ఇవన్నీ ఎవరికీ గుర్తుండవు. సూది మాత్రం గుర్తుంటుంది.

ఇలాంటివాళ్ళకి "నొప్పి తగ్గడానికి వెన్ను దగ్గర ఒక ఇంజెక్షన్ చేద్దాం" అంటే గుండె జారిపోతుంది. సూదితో వచ్చిన నొప్పికి మళ్ళీ సూదేనా అంటారు. "కాళ్ళు పడిపోతాయటగా" అని పక్కింటివాళ్ళ మాట మోసుకొస్తారు. అందుకే ఈ ఇంజెక్షన్లలో మేం చేసేదేమిటో, ఈ మధ్య అల్ట్రాసౌండ్ మిషను పెట్టి చూస్తూ చేస్తున్నది ఎందుకో, ఎవరికి పనికొస్తుందో, ఎవరికి పనికిరాదో చెబుదామని వచ్చాను.

ముందు ఒక అపోహ తీసేయాలి. వెన్నులో ఇంజెక్షన్ అనగానే వెన్నుపాములోకే సూది గుచ్చుతారని అనుకుంటారు. వెన్నుపాము పెద్దవాళ్ళలో నడుము మొదట్లోనే, మొదటి రెండో పూసల దగ్గర ఆగిపోతుంది. కింద ఉండేవి నరాలే. మేం మందు వేసేది వెన్నుపాము, నరాలు ఉన్న సంచికి బయట. నొప్పి ఎక్కడి నుంచి వస్తోందన్న దాన్నిబట్టి చోటు మారుతుంది. పూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ ఉబ్బి నరం మొదలు దగ్గర వాచి కాలులోకి గుంజుతుంటే ఆ నరం పక్కన. పూసల వెనక రెండు వైపులా ఉండే చిన్న కీళ్ళు అరిగి, వెనక్కి వంగితే పట్టేస్తుంటే ఆ కీళ్ళకి వెళ్ళే సన్నని నరాల దగ్గర. పిరుదు పైన గుంట పడే చోట, కటి ఎముక వెన్నుతో కలిసే కీలులో నొప్పి ఉంటే అక్కడ. కొందరికి ఉత్త కండరంలో గడ్డకట్టినట్టున్న ముడి మాత్రమే ఉంటుంది. దానికి వెన్ను దాకా పోవాల్సిన పనే లేదు.

మందు కూడా బ్రహ్మపదార్థమేమీ కాదు. పళ్ళ డాక్టరు పన్ను పీకేముందు వేసే రకం మొద్దు మందు కొంచెం, వాపు తగ్గించే స్టెరాయిడ్ కొంచెం.

నడుముకి ఇలా సూది వెయ్యడం కొత్త విషయం కూడా కాదు. 1901లో పారిస్‌లో సికార్, కాతెలాఁ అనే ఇద్దరు వైద్యులు ఎవరికి వారే, తోక ఎముక పైనున్న సహజమైన రంధ్రంలోంచి కొకైన్ ద్రావణం ఎక్కించారు. మొద్దు మందుగా అప్పట్లో ఎక్కువగా వాడుకలో ఉన్నది అదే. స్టెరాయిడ్ కలపడం 1950ల్లో మొదలైంది. కానీ సూది సరిగ్గా చేరిందో లేదో చెప్పడానికి చేతి వేళ్ళే ఆధారం. వేలితో ఎముక తడిమి, సూది దించి, పొరని చీల్చుకుపోయిన అనుభూతి తగిలితే చేరినట్టు లెక్క. తర్వాత ఎక్స్‌రే పెట్టి చూస్తే, అలా చేతి అంచనాతో వేసిన వాటిలో నూటికి పాతిక దాకా, కొన్ని పరిశోధనల్లో అంతకన్నా ఎక్కువే, అనుకున్న చోటికి చేరలేదని బయటపడింది. చేసినవాళ్ళు అనుభవం లేనివాళ్ళేం కాదు. పైకి ఒకేలా కనిపించినా లోపల ప్రతి నడుమూ వేరు, అంతే.

ఎక్స్‌రేని తెర మీద కదిలే బొమ్మగా చూపించే సీ-ఆర్మ్ వచ్చాక పరిస్థితి మెరుగుపడింది. ఆపరేషన్ థియేటర్‌లో ఇంగ్లిషు సీ అక్షరం ఆకారంలో వంగి ఉంటుందే, అదే. ఎముకలు బాగా చూపిస్తుంది. కానీ అందులో నరం కనబడదు, కండరం కనబడదు, రక్తనాళమైతే రంగు మందు ఎక్కించేదాకా కనబడదు. అందరూ బరువైన సీసపు ఏప్రాన్లు కట్టుకుని నిలబడాలి. గర్భిణికి దాన్ని వాడటానికి చెయ్యాడదు.

అల్ట్రాసౌండ్ ఇక్కడ రంగంలోకి వచ్చింది. కడుపులో బిడ్డని చూసే స్కానింగే ఇది. గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ అనే స్త్రీ వైద్య నిపుణుడు, ఉక్కులో పగుళ్ళు వెతకడానికి కర్మాగారాల్లో వాడే పరికరాన్ని కడుపులో గడ్డల మీద ప్రయోగించి, 1958లో ఆ ఫలితాలు ప్రచురించాడు. మన చెవికి సెకనుకి 20 వేల కంపనాల దాకానే వినిపిస్తుంది. ఈ మిషను పంపే శబ్దం సెకనుకి సుమారు 20 లక్షల నుంచి కోటిన్నర కంపనాలు. ఒంట్లో తగిలి వెనక్కి వచ్చిన దాన్ని బొమ్మగా మారుస్తుంది. రేడియేషన్ లేదు. నడుములోని చిన్న కీళ్ళ నరాలకి దీని సాయంతో సూది వెయ్యొచ్చని వియన్నా వైద్యులు 2004లో ప్రచురించాక చాలామంది మత్తు డాక్టర్లు అటు తిరిగారు.

రేడియోలో బొమ్మ చూపించలేను కాబట్టి, తోక ఎముక పైనున్న ఆ రంధ్రంలోంచి సూది ఎలా వేస్తామో మాటల్లో చెబుతాను. మంచం మీద బోర్లా పడుకుంటారు, పొట్ట కింద ఒక దిండు. బీటాడిన్‌తో రెండు మూడుసార్లు తుడిచి, శుభ్రమైన తొడుగు వేసిన ప్రోబ్‌ని, అంటే ఒంటి మీద ఆనించి చూసే మిషను పరికరాన్ని, పిరుదుల మధ్య చీలిక మొదలయ్యే చోటికి కాస్త పైన అడ్డంగా పెడతాను. తెర మీద నల్లటి నేపథ్యంలో పక్కపక్కనే రెండు తెల్లటి గుండ్రని బొడిపెలు లేస్తాయి. అచ్చం నీళ్ళలోంచి తల ఎత్తి చూసే కప్ప కళ్ళలా ఉంటాయి. డాక్టర్ల పాఠాల్లో కూడా దాన్ని కప్ప గుర్తనే పిలుస్తారు. ఆ రెండు కళ్ళ మధ్య, పైన ఒక తెల్లటి గీత, కింద ఇంకో తెల్లటి గీత. పైది పొర, కిందది ఎముక. నాకు కావలసిన సందు ఆ రెంటి నడుమ ఉంది. ఇప్పుడు ప్రోబ్‌ని నిలువుగా తిప్పితే చర్మం దగ్గర్నుంచి సూది మొన దాకా ఒక మెరిసే గీతలా సాగిపోవడం కనిపిస్తుంది. మొన పొర దాటింది. మందు ఎక్కిస్తుంటే ఆ సందు నల్లగా ఉబ్బి పైపొరని ఎత్తుతుంది. అలా ఎత్తకపోతే మందు ఎటో పోతోందని అర్థం, అక్కడే ఆపేస్తాను. మొత్తం పావుగంట, ఇరవై నిమిషాలు. పేషెంటు మెలకువగానే ఉంటారు, మాట్లాడుతూనే ఉంటారు. "కాలులోకి బరువుగా దిగుతోంది సార్" అంటే నాకు సంతోషం. నొప్పి వచ్చే దారిలోనే మందు నడుస్తోందన్నమాట.

ఈ గదిలోకి వచ్చినవాళ్ళు చాలామంది గోడ మీద బోర్డు చూసి ముసిముసిగా నవ్వుతారు. "ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు." పదిహేనేళ్ళుగా సయాటికాతో, అంటే నడుము నుంచి కాలులోకి గుంజే నొప్పితో, బాధపడే డెబ్బై ఏళ్ళ పెద్దాయనకి ఆ బోర్డుతో ఏం పని? మన దేశంలో 1994లో వచ్చిన చట్టం ప్రకారం అల్ట్రాసౌండ్ మిషను ఎక్కడున్నా రిజిస్ట్రేషన్ కావాలి, బోర్డు కట్టాలి. నడుము చూసే మిషనుతో కడుపూ చూడొచ్చు కాబట్టి మాకూ మినహాయింపు లేదు. మిషను ఊరికే అటూ ఇటూ తిప్పుకుపోవడానికీ వీల్లేదు. ఆడపిల్లల విషయంలో మనం చేసిన నిర్వాకం చూస్తే ఆ కట్టడి ఉండాల్సిందే.

నడుము కన్నా మెడ దగ్గర ఈ మిషను విలువ ఇంకా బాగా తెలుస్తుంది. ఒక టైలర్ వచ్చాడనుకోండి. ఎప్పుడూ తల వంచి పని. మెడ నుంచి కుడి భుజం మీదుగా బొటనవేలు, చూపుడువేలు దాకా కరెంటు కొట్టినట్టు గుంజుతోంది. కత్తెర పట్టుకుంటే జారిపోతోంది. అలా ఆ రెండు వేళ్ళలోకి దిగితే సాధారణంగా మెడలో ఆరో నరం అని అనుమానిస్తాం. మెడ పక్కన ప్రోబ్ పెడితే ఆరో పూస రెండు కొమ్ములతో కనిపిస్తుంది. ఏడో పూసకి ముందు కొమ్ము ఉండదు. ఏ నరం ఏదో ఆ తేడాని బట్టే లెక్కపెట్టుకుంటాం. రెండు కొమ్ముల నడుమ నల్లటి చిన్న చుక్క, అదే నరం. ఇప్పుడు రంగుల బటన్ నొక్కితే రక్తం పారే నాళాలు ఎర్రగా, నీలంగా మిణుకుమంటాయి. సూది దారిలో ఒక సన్నని ధమని అడ్డంగా ఉంటే ముందే తెలుస్తుంది, పక్కనుంచి వెళ్తాను, లేదా ఆ రోజుకి మానేస్తాను. మెదడుకి, వెన్నుపాముకి రక్తం ఇచ్చే నాళాలు అక్కడే ఉంటాయి. ఈ ఇంజెక్షన్ల తర్వాత అరుదుగా పక్షవాతం, చూపు పోవడం, మరణం కూడా సంభవించాయని 2014లో అమెరికాలో మందుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది. స్టెరాయిడ్లలో కొన్ని నలకల్లా ఉంటాయి. ధమనిలోకి పోతే సన్నని నాళాలకి అడ్డుపడతాయి. అందుకే మెడలో నలకల్లేని డెక్సామెథాసోన్ రకమే వాడతాం. పక్కింటివాళ్ళ భయం పూర్తిగా గాలి మాట కాదు. అరుదైన సంగతి, అంతే.

మిషనుకీ చేతకానివి ఉన్నాయి. శబ్దం ఎముకని దాటిపోలేదు. ఎముక వెనకాల అంతా నల్లటి నీడే. బాగా ఒళ్ళున్నవాళ్ళ నడుములో, లోతుకి పోయేకొద్దీ బొమ్మ మసకబారిపోతుంది. అందుకే నడుములో నరం బయటికి వచ్చే రంధ్రం దగ్గర మందు వెయ్యాలంటే నేను ఇప్పటికీ సీ-ఆర్మ్, రంగు మందుకే ఓటేస్తాను. అన్నీ అల్ట్రాసౌండ్‌తోనే చేసేస్తామని ఎవరన్నా చెబితే కాస్త ఆలోచించండి.

ఇక అసలు ప్రశ్న, ఇది పనిచేస్తుందా?

డిస్క్ వల్ల కాలులోకో చేతిలోకో గుంజే నొప్పి కొత్తగా, తీవ్రంగా ఉన్నప్పుడు కొన్ని వారాల ఉపశమనం ఇవ్వగలదు. అందరికీ కాదు. మామూలు నడుము నొప్పికి, అంటే కాలులోకి దిగకుండా నడుములోనే పట్టేసేదానికి, వెన్ను ఇంజెక్షన్లు వద్దని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2016లోనే చెప్పింది. తీవ్రమైన సయాటికాకి మాత్రం ఆలోచించవచ్చంది. 2025లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన మార్గదర్శకాలు ఇంకా గట్టిగా, మూడు నెలలు దాటిన వెన్ను నొప్పికి ఈ ఇంజెక్షన్లని సిఫారసు చెయ్యం అన్నాయి. నొప్పి వైద్యుల సంఘాలు ఒప్పుకోలేదు, వాదన నడుస్తూనే ఉంది. నేను ఈ పని చేసి బతికేవాణ్ణి కాబట్టి నా మాటని కాస్త తగ్గించే వినండి. నా అభిప్రాయం ఏమిటంటే, సూది ఎంత కచ్చితంగా దిగినా, వెయ్యాల్సిన అవసరం లేని చోట వేస్తే ఆ కచ్చితత్వం దండగ. ఆ నిర్ణయం మిషను ఆన్ చెయ్యకముందే, మనిషిని నిలబెట్టి, వంచి, కాలు ఎత్తించి, సుత్తితో మోకాలు తట్టి చూసి తీసుకోవాలి.

ఎమ్మారై రిపోర్టు చూసి తీసుకునే నిర్ణయం కాదిది. నొప్పే లేని మామూలు మనుషులకి స్కానింగ్ చేసి చూస్తే ఇరవై ఏళ్ళవాళ్ళలో నూటికి 30 మందికి, ఎనభై ఏళ్ళవాళ్ళలో 84 మందికి డిస్క్ ఉబ్బి కనిపించింది. రిపోర్టులో "డిస్క్ బల్జ్" అన్న మాట చూసి టెన్షన్ పడి సూదికి సిద్ధమైపోకండి. సయాటికా చాలామందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో దానంతటదే తగ్గుముఖం పడుతుంది. ఆ వారాలు నిద్రలేకుండా, మాత్రలు పడక, అడుగు వెయ్యలేక నరకం చూస్తున్నవాళ్ళకి ఇంజెక్షన్ ఒక ఆసరా. నొప్పి తగ్గిన ఆ కాస్త కాలంలో నడక, ఫిజియోథెరపీ మొదలెట్టకపోతే చేయించుకున్న ఫలం సగం పోయినట్టే.

చేయించుకునేవాళ్ళకి కొన్ని సంగతులు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. సొంతంగా మాత్రం ఆపకండి. స్టెంట్ ఉన్న మనిషి "సూది ఉంది కదా" అని మాత్ర మానేసి గుండెపోటు తెచ్చుకుంటే నడుము నొప్పి సంగతి ఎవరూ అడగరు. గుండె డాక్టరూ నేనూ మాట్లాడుకుని తేలుస్తాం. షుగర్ ఉన్నవాళ్ళకి స్టెరాయిడ్ వల్ల కొన్ని రోజుల పాటు షుగర్ పెరుగుతుంది, రోజూ చూసుకోవాలి. జ్వరం ఉన్నా, ఒంట్లో చీముగడ్డ ఉన్నా ఆ రోజు వద్దు. బండి నడుపుకుంటూ వెళ్ళకండి, తోడు ఒకరిని తెచ్చుకోండి. మొద్దు మందు కొన్ని గంటల్లో దిగిపోయి ఆ రాత్రి నొప్పి మళ్ళీ వస్తుంది. ఇంజెక్షన్ ఫెయిలైందని అర్ధరాత్రి ఫోన్లు వస్తుంటాయి. స్టెరాయిడ్ పని మొదలెట్టడానికి రెండు మూడు రోజులు, ఒక్కోసారి వారం పడుతుంది.

ఫోన్ చెయ్యాల్సినవి వేరే ఉన్నాయి. సూది తర్వాత జ్వరం, తగ్గకుండా పెరిగే తలనొప్పి, కాళ్ళలో కొత్తగా బలం తగ్గడం. సూదికి ముందైనా తర్వాతైనా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట స్పర్శ లేకపోయినా, అది ఇంజెక్షన్‌తో తీరేది కాదు. గంటల్లో ఆపరేషన్ అవసరం కావచ్చు. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడంతో నడుము నొప్పి ఉంటే వెన్నులో టీబీ ఉందేమో ముందు చూడాలి. మన దగ్గర అది తక్కువేమీ కాదు. అక్కడ స్టెరాయిడ్ పడితే ప్రమాదం. కాబట్టి డాక్టరు మీ నడుము మీద చెయ్యి కూడా వెయ్యకుండా, రిపోర్టు చూసి డేటు ఇచ్చేస్తుంటే, లేచి ఇంకొకరి దగ్గరికి వెళ్ళండి.

సెలవు, నమస్కారం.