మహాలియా జాక్సన్: చప్పట్లు కొట్టి పాడిన గొంతు
(కడపలో క్వయర్ గాయకుల సభలో చేసిన ప్రసంగం)

పెద్దలకు, క్వయర్లో పాడే అక్కచెల్లెళ్లకు, తమ్ముళ్లకు వందనాలు.

మన పల్లెల్లో డోలక్, కంజీర పడితేనే కీర్తనకు ఊపొస్తుంది. అయినా "ఆరాధనలో ఈ చప్పట్లేంది, ఈ ఊగడమేంది" అనే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. ఇదే మాట అమెరికాలో సువార్త పాటల గాయని మహాలియా జాక్సన్ కూడా పడింది.

ఆమె 1911లో న్యూ ఆర్లీన్స్‌లో ఒక పేద నల్లజాతి ఇంట్లో పుట్టింది. చిన్నప్పుడే తల్లి పోయింది. వయసొచ్చే వేళకు చికాగో చేరి, ఊళ్లో వాళ్ల బట్టలుతికి బతికింది. అక్కడి పెద్ద చర్చిల్లో కదలకుండా నిలబడి పాడటమే మర్యాద. ఈమేమో చేతులు తట్టేది, కాలితో తాళం వేసేది, ఒక్క మాటనే సాగదీసి సాగదీసి పాడేది. కొందరికి నచ్చలేదు. "సర్వజనులారా చప్పట్లు కొట్టుడి" అని 47వ కీర్తనలో ఉందిగా, ఇంకెవరి అనుమతి కావాలి?

థామస్ డోర్సీ అని, అంతకు ముందు బ్లూస్ (నల్లజాతివాళ్ల బతుకు బాధల పాటలు) వాయించినాయన, సువార్త పాటలు రాసేవాడు. వీధి మలుపులో ఈమె నిలబడి పాడుతుంటే, ఆయన పాటల కాగితాలు అమ్మేవాడు. క్లబ్బుల్లో బ్లూస్ పాడితే డబ్బే డబ్బు. ఆశ పెట్టినా పోలేదు. బ్లూస్‌లోని ఆ విరుపును మాత్రం దేవుని పాటలోకి తెచ్చుకుంది. ఆమె గొప్పతనమంతా నాకు ఇక్కడే కనిపిస్తుంది.

1947లో రికార్డు చేసిన పాట ఒక పక్కకు పట్టక, ప్లేటు రెండు పక్కలా వేశారు. దాంతో దేశమంతా పేరొచ్చింది. 1950లో న్యూయార్క్‌లోని పేరున్న కచేరీ మందిరం కార్నెగీ హాల్లో పాడింది. అంత పేరున్నా, నల్లమనిషని అమెరికా దక్షిణాదిలో హోటళ్లు గది ఇచ్చేవి కావు. కార్లోనే తిండి, కార్లోనే నిద్ర.

1963 ఆగస్టు 28న నల్లజాతివాళ్ల హక్కుల కోసం జరిగిన వాషింగ్టన్ సభలో, ఆ పోరాట నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ మాట్లాడేముందు పాడింది. ఆయన ప్రసంగం మధ్యలో "ఆ కల గురించి చెప్పు, మార్టిన్" అని ఈమె కేకేసిందని దగ్గరున్నవాళ్లు చెప్పారు. ఆ కల అంటే నల్లవాళ్లు, తెల్లవాళ్లు సమానంగా బతికే కల. ఐదేళ్లకు ఆయన అంత్యక్రియల్లోనూ ఈమే పాడింది. 1971లో మన దేశానికొచ్చి పాడి వెళ్లింది. మరుసటేడు జనవరిలో, అరవై ఏళ్లకే కన్నుమూసింది.

తమ్ముళ్లారా, కీబోర్డులో తయారుగా ఉన్న తాళం నొక్కి పాడొద్దండి. మీ ఊరి గొంతు, మీ ఊరి దరువు తేండి. ఇప్పుడు ఆ 1947 నాటి పాట వినిపిస్తాను. రెండో పక్కకొచ్చేసరికి చేతులు వాటంతటవే కదిలితే ఆపుకోకండి.