పక్క పళ్ళ సంగతి అడిగారా?

శ్రోతలకు నమస్కారం. పోయిన పన్ను చోట కట్టించుకునే బ్రిడ్జి గురించి ఇవాళ నాలుగు మాటలు.

దవడ పన్ను పీకించుకుని ఏళ్ళు గడిచినా "పోన్లెండి, రెండో వైపు నములుతున్నాగా" అనేవాళ్ళు మన గుంటూరులో వీధికి నలుగురుంటారు. నమలడం వరకైతే ఎలాగో నెట్టుకురావచ్చు. కానీ ఆ ఖాళీ అలాగే ఉండిపోదు. వెనక పన్ను ముందుకు ఒరుగుతుంది. ఆనడానికి ఏమీ లేక పై పన్ను నెమ్మదిగా కిందికి దిగుతుంది. సందుల్లో గోంగూర పీచు ఇరుక్కుని ఇంకో పన్ను పుచ్చుతుంది. చాలామందికి ముందుగా పోయేది ఆరేళ్ళప్పుడు వచ్చే మొదటి దవడ పన్నే. అది పాలపన్నేలే అనుకుని ఇంట్లో ఎవరూ పట్టించుకోరు!

ఖాళీ పూడ్చడానికి తీసి పెట్టుకునే పళ్ళున్నాయి, ఎముకలో టైటానియం స్క్రూ బిగించే ఇంప్లాంట్ ఉంది, బ్రిడ్జి ఉంది. బ్రిడ్జిలో అటూ ఇటూ ఉన్న పళ్ళను చుట్టూ అరగదీసి, కొలతలు తీసి, రెండు క్యాపులూ మధ్యలో లేని పన్నూ ఒకే ముక్కగా చేయించి సిమెంటుతో అతికిస్తారు. పన్ను తీసిన చోట చిగురు, ఎముక కుదురుకోవడానికి మామూలుగా రెండు మూడు నెలలు ఆగమంటారు.

అసలు చూడాల్సింది ఆ పక్క పళ్ళనే. అరగదీసిన ఎనామిల్, అంటే పన్ను మీది గట్టి పొర, మళ్ళీ పుట్టదు. ఆ రెండింటికీ ఇప్పటికే రూట్ కెనాల్ అయ్యో, పెద్ద ఫిల్లింగులుండో ఎలాగూ క్యాపు వేయాల్సి ఉంటే బ్రిడ్జి మంచి బేరం. పాతికేళ్ళ కుర్రాడికి, మచ్చ లేని రెండు పళ్ళను అరగదీయాలంటే నాకు మనసొప్పదు. ఖర్చు ఎక్కువైనా, నెలలు పట్టినా ఇంప్లాంట్ గురించి ముందు అడగమంటాను. పక్క పళ్ళు కదులుతుంటే మాత్రం బ్రిడ్జి బరువు మోయలేవు.

గుంటూరు కొత్తపేటలోనైనా, విజయవాడ సూర్యారావుపేటలోనైనా రేటొక్కటే కనుక్కుని వచ్చేయకండి. ఎక్స్‌రే తీయించి, "డాక్టరుగారూ, పక్క పళ్ళ వేర్లు గట్టిగా ఉన్నాయా?" అని అడగండి. బ్రిడ్జి లోహం మీద పింగాణీ వేసిందా, జిర్కోనియా అనే లోహం లేని గట్టి తెల్ల పదార్థంతో చేసిందా అన్నది ఆ తర్వాతి మాట.

బిగించే రోజు నీలం కాగితం పెట్టి కొరకమంటారు. ఎక్కడ ఎత్తుగా తగిలితే అక్కడ రంగు అంటుతుంది, అక్కడ కాస్త అరగదీస్తారు. "ఎత్తుగా ఉందా అండీ?" అని డాక్టరు అడిగితే, మొహమాటానికి మనవాళ్ళు "పర్లేదండీ" అనేస్తారు. అనకండి. వెంట్రుకవాసి ఎత్తున్నా మర్నాడు ముద్ద నమిలితే పన్ను సలుపుతుంది.

చక్కగా చూసుకుంటే బ్రిడ్జి పది పదిహేనేళ్ళు వస్తుంది. పింగాణీ పుచ్చదు. దాని అంచు కింద ఉన్న మీ సొంత పన్ను పుచ్చుతుంది. మామూలు బ్రష్ మధ్య పన్ను అడుగుకి పోదు. సూపర్ ఫ్లాస్ అని దొరుకుతుంది, ఒక కొస బిరుసుగా ఉండే దారం. దాన్ని రోజూ రాత్రి అడుగు నుంచి దూర్చి అటూ ఇటూ లాగాలి. ఆవకాయలో టెంక ముక్క, చెరుకు గడ ఆ వైపు కొరకొద్దు.

ఇంకొకటి. ఒక వైపు సిమెంటు ఊడినా రెండో వైపు పట్టి ఉంచుతుంది కాబట్టి బ్రిడ్జి రాలిపడదు, మీకూ తెలియదు. నొక్కితే ఉమ్మి బుడగలా పొంగుతున్నా, ఆ చోట చెడు వాసన వస్తున్నా ఆ వారంలోనే చూపించుకోండి. పూర్తిగా ఊడొస్తే ఇంట్లో జిగురు పెట్టి అతికించుకోకుండా, ఆ ముక్కను డబ్బాలో వేసుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. లోపల పన్ను బాగుంటే చాలాసార్లు దాన్నే మళ్ళీ బిగిస్తారు.

నమస్కారం.